ఇల్లు గడవాలి, వంట తప్ప వేరే పని రాదు: ఎక్కడ మొదలుపెట్టాలి?

చెల్లీ, నువ్వు రాసిందంతా రెండుసార్లు చదివినా. నీ ఆయన పోయి ఏడాది కావస్తోంది. ఇద్దరు పిల్లలు, అత్తమ్మ, కర్నూలు కల్లూరులో అద్దె ఇల్లు. "నీ చేతి వంటకు తిరుగులేదు, లోన్ తీసుకుని హోటల్ పెట్టు" అని చుట్టాలు అంటున్నారు. నీకేమో పొయ్యి దగ్గర నిలబడితే చాలు ఏడుపొస్తోంది. మనసు కుదుటపడేదాకా ఆగాలా, ఆగకపోతే ఏది మొదలుపెట్టాలి, కష్టం మనిషిని రాటుదేలుస్తుందంటారే, మీకు అట్లా అయిందా అక్కా? ఇవీ నువ్వు అడిగినవి. రొట్టెలు మునుపటి మాదిరి రావడం లేదని కూడా రాసినావు, దానికి ఆఖర్లో చెప్తా.

ఆఖరి ప్రశ్న నుంచే మొదలుపెడతా. అది తేలకపోతే మిగతావి తేలవు.

2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ రెండూ కలిసి కర్నూలు మీద పడినప్పుడు నువ్వు చిన్నపిల్లవై ఉంటావు. మాది పాత టౌను, నది పక్కనే. మేమిద్దరం మెస్ నడిపేవాళ్లం. నీళ్లు తీసినాక ఇంట్లో మోకాటి లోతు బురద. బియ్యం మూటలు ఉబ్బి పగిలినాయి, గ్రైండరు మోటారులో ఒండ్రు చేరింది, ఎవరు ఎంత బాకీ అని రాసుకున్న పుస్తకం పేజీకి పేజీ అతుక్కుని ముద్దయింది. ఆ బురద కంపు గోడల్లోంచి పోవడానికే ఎండాకాలం రావాల్సి వచ్చింది. తర్వాత ఎక్కువ కాలం గడవకుండానే మా ఆయన మంచం పట్టి పోయినాడు. ఇప్పుడు నా దగ్గర కొంతమంది ఆడవాళ్లు పని చేస్తున్నారు, పొడులు హైదరాబాదు దాకా పోతున్నాయి. దాన్ని చూసి "ఆ వరదే నిన్ను ఇంతదాన్ని చేసింది" అంటారు. ఆ మాట వింటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. వరద రాకపోయినా, ఆయన ఉన్నా, నేను ఇంతకన్నా బాగానే ఉండేదాన్ని. ఈ సంగతి మొహమాటం లేకుండా చెప్తున్నా.

మరి మార్పు ఏమీ రాలేదా అంటే వచ్చింది. మునుపు డబ్బులడగాలంటే నాకు నోరు పెగిలేది కాదు, ఆయనే అడిగేవాడు. ఇప్పుడు అడుగుతా, ఇవ్వకపోతే మళ్లీ అడుగుతా. ఎవరింట్లో చావు జరిగినా ఏం మాట్లాడకూడదో తెలిసింది. అమెరికాలో టెడెస్కీ, కాల్‌హౌన్ అని ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 1990ల నుంచి ఇదే విషయం మీద పనిచేసినారని ఒక కౌన్సెలింగ్ మేడమ్ నాకు చెప్పింది. పెద్ద దెబ్బ తిన్నవాళ్లలో కొందరికి తర్వాత తమ మీద నమ్మకం పెరుగుతుంది, మనుషులకు దగ్గరవుతారు, కొత్త దారి కనపడుతుంది. అయితే ఆ మార్పు దెబ్బ తగిలినందుకు రాదు, దానితో పెనుగులాడే క్రమంలో వస్తుంది. వచ్చినా బాధ మాయం కాదు, రెండూ ఒకే ఇంట్లో కాపురం ఉంటాయి. అందరికీ రావాలని కూడా లేదు. నాకు ఇది విన్నప్పుడు ఊరట కలిగింది, ఎందుకంటే అప్పటిదాకా నాకు ఇంకా ఏడుపొస్తోందంటే నేనింకా గట్టిపడలేదేమో అనుకునేదాన్ని. కాబట్టి నిన్నెవరైనా "ధైర్యం గల ఆడది" అని పొగిడితే తల ఊపి ఊరుకో. ఆ పేరు నిలబెట్టుకోవాలని చూడకు. అది నెత్తికెక్కితే ఎవరినీ సాయం అడగలేవు.

ఇంక మనసు కుదుటపడేదాకా ఆగడం గురించి. ఆగొద్దు. అట్లని ఎగిరి దూకొద్దు. మనసు ముందు బాగుపడి, తర్వాత చేతులు పనిలోకి దిగడం నేను ఎక్కడా చూడలేదు. నా దగ్గరికి వచ్చిన ఆడవాళ్లలో ఎవరికైనా సరే, మొదట నిలబెట్టింది ఏమిటంటే ఇంకొకరి ఆకలి. సాయంత్రం ఏడు గంటలకు నాలుగు రొట్టెలు కావాలన్న మనిషి ఒకరు ఉంటే చాలు, ఆరింటికి నువ్వు లేచి పిండి జల్లిస్తావు. నీ పిల్లల ఆకలి ఆ పని చేయదు, ఎందుకంటే పిల్లలు సర్దుకుంటారు, నిన్న మిగిలింది తింటారు, అమ్మ ఏడుస్తోందని నోరు మెదపరు. బయటి మనిషి సర్దుకోడు. డబ్బిచ్చినాడు, ఏడింటికి డబ్బా పట్టుకుని వాకిట్లో నిలబడతాడు. మనకు కావాల్సింది ఆ పట్టింపే.

ఏడుపొస్తే ఏడువు, ఎర్రగడ్డలు కోసేచోట ఎవరూ కారణం అడగరు. కానీ నీ ఆయనకు ఇష్టమైన పుంటికూర పప్పుతో మాత్రం మొదలుపెట్టకు. ఆయన తినని వంటకం, ఆయన జ్ఞాపకం లేని వంటకం ఒకటి చూసుకో. పుంటికూర ఎటూ పోదు, దాని రోజు వచ్చినప్పుడు అదే వస్తుంది.

ఒక్క హెచ్చరిక. వారాల తరబడి నిద్ర లేకపోయినా, అన్నం సయించకపోయినా, "పిల్లల్ని తీసుకుని పోదాం" లాంటి ఆలోచన ఒక్కసారి వచ్చినా అది వంటతో తీరే సంగతి కాదు. 14416కు ఫోన్ చెయ్యి. టెలీ మానస్ అంటారు, మనసు బాగాలేనివాళ్ల కోసం ప్రభుత్వం పెట్టిన ఫోన్ లైను, డబ్బులు పడవు, తెలుగులో మాట్లాడతారు. పెద్దాసుపత్రిలో మానసిక వైద్యుల ఓపీ కూడా ఉంది. సిగ్గుపడేదేమీ లేదు.

పొయ్యి వెలిగించే ముందు నీకు రావాల్సిన డబ్బు వచ్చిందో లేదో చూసుకో. దీన్ని చాలామంది వదిలేస్తారు. ఆయన బ్యాంకు పాస్‌బుక్ ప్రింటు వేయించి, మే, జూన్ నెలల్లో 436 రూపాయలు గానీ 20 రూపాయలు గానీ కట్ అయి ఉందేమో వెతుకు. 436 అంటే జీవన్ జ్యోతి బీమా, ఏ కారణంతో పోయినా 2 లక్షలు. 20 అంటే సురక్ష బీమా, అది ప్రమాదానికి మాత్రమే. ఆలస్యమైందని వదిలెయ్యకు, మరణ ధ్రువీకరణ పత్రం పట్టుకుని వెంటనే బ్యాంకుకు పో. ఆయనకు పీఎఫ్ ఉండి ఉంటే దాంట్లో ఇన్సూరెన్సు, భార్యకు పింఛను కూడా ఉంటాయి. ఎన్టీఆర్ భరోసా వితంతు పింఛను నెలకు 4,000, సచివాలయంలో అడుగు. ఈ కాగితాల పని నడుస్తుండగా పక్కన చిన్నగా వంట మొదలుపెట్టొచ్చు.

హోటల్ వద్దు. ఇది నా గట్టి మాట. అడ్వాన్సు, అద్దె, మాస్టరు జీతం, మిగిలిపోయిన ఇడ్లీ పిండి, ఇవన్నీ మొదటి నెల నుంచే నోరు తెరుస్తాయి. ఉగ్గాని బజ్జీ బండి పెట్టమని కూడా చెప్పినారంటున్నావు. కర్నూలులో ఉగ్గానికి గిరాకీ ఎప్పుడూ తగ్గదు, నిజమే. కానీ దానికి మబ్బునే లేవాలి, నూనె బాండలి ముందు నిలబడాలి, రోడ్డు మీద స్థలం కోసం గొడవపడాలి, పిల్లలు బడికి పోయే పొద్దులో నువ్వు ఇంట్లో ఉండవు. పిల్లలు పెద్దయ్యాక చూద్దువు.

నువ్వు జొన్నరొట్టె చెయ్యగలవు. దాని విలువ నీకు తెలియడం లేదు. మన జిల్లాలో నలభై ఏళ్ల లోపు ఆడవాళ్లలో పీట మీద రొట్టె తట్టి పెనం మీదికి చిరగకుండా వేసేవాళ్లు ఎంతమంది ఉన్నారో నీ వీధిలోనే లెక్కపెట్టు. తినేవాళ్లు మాత్రం పెరుగుతున్నారు. కొడుకులు బెంగళూరులో, హైదరాబాదులో ఉండి ఇక్కడ ఇద్దరే మిగిలిన ముసలివాళ్లు, షుగరు ఉండి రాత్రిపూట అన్నం మానేసినవాళ్లు, కోచింగులకు వచ్చిన పిల్లలు, పెద్దాసుపత్రిలో రోగి పక్కన రోజుల తరబడి ఉండే పల్లెటూరివాళ్లు. సంగటి అయితే వేడి వేడిగా ముద్ద కట్టి అప్పుడే తినాలి, చల్లారితే బిగుసుకుపోతుంది, క్యారియరుకు నప్పదు. రొట్టెకు ఆ ఇబ్బంది లేదు. మిగిలినా పల్చగా తట్టి బాగా ఎండిస్తే ఆదోని వైపు అమ్మే ఎండురొట్టెల మాదిరి రోజుల తరబడి నిలవ ఉంటుంది.

సాయంత్రం రొట్టెలు, వాటితో ఒక పొడి, అంతే. కూర మొదట్లో వద్దు, కూరతోనే ఫిర్యాదులు మొదలవుతాయి. నీ వీధిలో అయిదారిళ్లతో మొదలుపెట్టు, వారం డబ్బు ముందే తీసుకో. అరువు ఇవ్వకు. చుట్టాలకు అసలే ఇవ్వకు.

పొడుల్లో బుడ్డల పొడి, అదే వేరుశనగ పొడి, తేలిక అనిపిస్తుంది గానీ జాగ్రత్త అంతా దాంట్లోనే ఉంది. బుడ్డలు కొన్నాక చేటలో పోసి వెలుతురులో ఏరు. ముడుచుకుపోయినవి, నల్లబడినవి, బూజు వాసన వచ్చేవి పారెయ్యి. "వేయిస్తే పోతుందిలే" అనుకోకు. బూజు పట్టిన బుడ్డల్లో అఫ్లటాక్సిన్ అని విషం ఉంటుంది, అది కాలేయాన్ని దెబ్బతీస్తుంది, వేయించినా పూర్తిగా పోదు. సన్నమంట మీద వేయించి, పొట్టు తీసి, పూర్తిగా చల్లారనిచ్చి అప్పుడు వట్టిమిరపకాయలు, ఉప్పు, జీలకర్రతో దంచు లేదా మిక్సీలో ఆపి ఆపి తిప్పు. ఒకటే పట్టు తిప్పితే నూనె వదిలి ముద్దవుతుంది, ఆ ముద్ద త్వరగా ముక్కిపోతుంది. తెల్లగడ్డ వేసింది రుచిగా ఉంటుంది కానీ తక్కువ రోజులు ఉంటుంది, కాబట్టి దాన్ని వారానికి సరిపడా మాత్రమే చెయ్యి. దూరం పంపేదాంట్లో వెయ్యకు. గురెల్ల పొడి, అంటే వెర్రినువ్వుల పొడి కూడా చెయ్యి, కొత్త పిల్లలకు తెలియదు గానీ పెద్దవాళ్లు వెతుక్కుంటూ వస్తారు.

ఆహార భద్రత శాఖ రిజిస్ట్రేషన్ చేయించుకో, ఎఫ్ఎస్ఎస్ఏఐ అంటారు. ఇంట్లో చేసే చిన్న వ్యాపారానికి పెద్ద లైసెన్సు అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ చాలు, ఆన్‌లైన్‌లోనే అవుతుంది. వచ్చే 14 అంకెల నంబరు పొడి ప్యాకెట్ మీద వెయ్యాలి, చేసిన తేదీ కూడా. "షుగర్ తగ్గిస్తుంది" అని మాత్రం ఎక్కడా రాయకు, నోటితో కూడా చెప్పకు. జొన్న మంచిదే, రాగి మంచిదే, కానీ రోగం నయం చేస్తుందని ప్యాకెట్ మీద రాస్తే చట్టం ఒప్పుకోదు. పైగా నాలుగు రొట్టెలు తిని మాత్ర మానేసిన ముసలాయనకు ఏమైనా అయితే ఆ పాపం నీ గుండెలో ఉండిపోతుంది.

ధర దగ్గర అందరూ తడబడతారు. లెక్క వేసి చూపిస్తా, అంకెలు నీ వీధి ధరల ప్రకారం మార్చుకో. జొన్నలు, మర ఆడించిన కూలి కలిపి కిలో 65 అనుకుందాం. కిలోకు పదమూడు రొట్టెలు వస్తే ఒక్కో దానికి పిండి 5 రూపాయలు. గ్యాసు, చుట్టే కాగితం కలిపి ఇంకో 2. అంటే 7. పది రూపాయలకు అమ్మితే 3 మిగులుతుంది. గంటకు ఇరవై చేస్తావు, 60 రూపాయలు. మూడు గంటలు పెనం సెగకు కూర్చుంటే 180. పదిహేనుకు అమ్మితే గంటకు 160, మూడు గంటలకు 480. రెండింటికీ శ్రమ ఒకటే, సెగ ఒకటే. పదిహేను చెప్పడానికి నీకు గొంతు రాదు, నాకు తెలుసు. అద్దం ముందు నిలబడి చెప్పి చూసుకో, నవ్వొచ్చినా ఫర్వాలేదు.

మీ అత్తమ్మ "రొట్టె అమ్ముకోవడమేంది, అన్నం పెట్టి డబ్బులు తీసుకుంటారా" అంటోందని రాసినావు. ఆమె మాట వట్టిది కాదు, మన సీమలో ఆ పట్టింపు లోతైనదే. 1866 కరువులో ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డి వేలమందికి గంజి కాచి పోయించినాడు, ఆయన మీద పాటలు ఇప్పటికీ పాడతారు. మంచిదే. కానీ వెంగళరెడ్డి గారికి గాదెలు ఉండె, నీకు అద్దె బాకీ ఉంది. అత్తమ్మకు ఈ మాట నువ్వు చెప్పకు, ఎదురు చెప్పినట్టవుతుంది. ఆమెను బుడ్డలు ఏరే పనిలో కూర్చోబెట్టు. చేటతో చెరగడం ఆమెకు నీకన్నా బాగా వచ్చి ఉంటుంది. వారం చివర ఆమె చేతిలో కొంత డబ్బు పెట్టు, మందులకని కాకుండా ఆమె కూలిగా. కొడుకు పోయిన తల్లి ఆమె కూడా, ఇంట్లో ఎవరూ ఆమెను ఏ పనీ అడగకపోవడమే ఆమెకు పెద్ద శిక్ష అయి ఉంటుంది.

ఇంకో సంగతి నువ్వు అడగలేదు గానీ ఎదురవుతుంది. ఉగాదికి భక్ష్యాలు, పెళ్లిళ్లకు సారె లడ్లు, కజ్జికాయలు, నిప్పట్లు, వీటిలో రొట్టెలకన్నా డబ్బు ఎక్కువ. కానీ "శుభకార్యానికి ఆమె చేతివా" అని కొందరు వెనక్కి తగ్గుతారు. నా దగ్గర ఒకావిడ ఉగాది ముందురోజు రాత్రి వెనక సందులోంచి వచ్చి యాభై భక్ష్యాలు కట్టించుకుపోయింది. తెల్లారి గుడికి పోతూ నేను ఎదురొస్తానని గేటు దగ్గరే ఆగి, నేను లోపలికి పోయినాక కదిలింది. శనగబేడలు ఉడికించి పూర్ణం రుబ్బిన చేతులు పనికొచ్చినాయి, మొహం పనికిరాలేదు. నేను ఆమెతో గొడవ పెట్టుకోలేదు. మరుసటి ఏడు నుంచి వెనక సందు గేటుకు తాళం వేసినా, కావాల్సినవాళ్లు ముందు వాకిలికే రావాలి. ఆమె వస్తోంది. నువ్వు కూడా ఎవరినీ బతిమాలకు, ఎవరికీ ఉపన్యాసం చెప్పకు. సారె ఆర్డర్లు మొదట్లో లెక్కలోకి తీసుకోకు, వస్తే అదనం అనుకో.

అప్పు గురించి: మొదటి ఖర్చు ఒక మంచి ఇనుప పెనం, కొంత జొన్న, బుడ్డలు, మూతలు గట్టిగా పట్టే డబ్బాలు. దీనికి వారం వారం కట్టించుకునే ఫైనాన్సు వాళ్ల దగ్గరికి పోవాల్సిన పని లేదు. డ్వాక్రా సంఘంలో ఉంటే అంతర్గత అప్పు చాలు, లేకపోతే ఈ నెలే చేరు. పొడులు నిలకడగా అమ్ముడై, చెయ్యి ఆడక, పొడి కొట్టే మెషిన్ కావాల్సి వచ్చిన రోజు, టౌన్లలో మహిళా సంఘాలను చూసే మెప్మా ఆఫీసులో చిన్న ఆహార పరిశ్రమల కేంద్ర పథకం గురించి అడుగు. 2020లో వచ్చింది అది, బ్యాంకు రుణం మీద 35 శాతం రాయితీ ఉండే పథకం. అప్పటికి ఎట్లా నడుస్తోందో వాళ్లే చెప్తారు. మెషిన్ ముందు కొని గిరాకీ తర్వాత వెతికినవాళ్ల మెషిన్లు దుమ్ము పట్టి ఉండటం నేను చాలా ఇళ్లలో చూసినా.

ఇంక రొట్టెలు. "మునుపు గుండ్రంగా వచ్చేవి, ఇప్పుడు అంచులు పగులుతున్నాయి, నా చేతికే ఏదో అయిందక్కా" అన్నావు. నీ చేతికి ఏమీ కాలేదు, పిండి పాతది. ఆయన పోయినాక మర దాకా పోలేక ఒకేసారి ఎక్కువ ఆడించి పెట్టుకుని ఉంటావు, లేదా అంగట్లో ప్యాకెట్ తెచ్చి ఉంటావు. గోధుమకు ఉండే సాగుడు జొన్నకు లేదు. తాజా పిండికి తెర్లే నీళ్లు, అంటే మరిగే నీళ్లు పడితేనే జిగి వస్తుంది. పదిరోజులు దాటిన పిండిలో ఆ జిగి పోతుంది, కొంచెం చేదు కూడా తగులుతుంది, నాలుక మీద వేసుకుని చూడు. హింగారి (రబీ) జొన్న అడిగి తీసుకో, ముంగారి (ఖరీఫ్) జొన్న వానకు తడిసి నల్లబడి ఉంటే రొట్టె రంగూ రుచీ రెండూ చెడతాయి. రెండు కిలోలకు మించి ఆడించకు. నీళ్లు బాగా తెర్లినాక పిండి మధ్యలో పోసి, గరిటెతో కలిపి, చెయ్యి పట్టే వేడికి రాగానే అరచేతి అడుగుతో నొక్కి నొక్కి పిసుకు. ముద్దను వేలితో నొక్కితే అంచు చీలకూడదు, చీలితే ఇంకా పిసకాలి. ఒక్కో రొట్టెకు ఆ పూటకు కావాల్సిన ముద్దే తీసి మళ్లీ మెదుపు, అన్నీ ఒకేసారి ఉండలు చేసి పెట్టుకుంటే ఆరిపోతాయి. పెనం మీద వేసినాక పైన తడిగుడ్డతో నీళ్లు పూయి, ఆ తడి ఆరేలోపు తిప్పు. అప్పటికీ పగిలితే జొన్న మార్చు, అదే అంగడికి మళ్లీ పోకు.